గొడుగును నమ్ముకుంటే తడుస్తారు

విదేశీ యూనివర్సిటీల్లో సెప్టెంబరు చేరికలు దగ్గర పడుతున్నాయి. వేర్వేరు నెలల్లో వచ్చిన ఈ ప్రశ్నలన్నీ వాతావరణం చుట్టూనే తిరిగాయి. కొన్ని సామాన్లు సర్దుతున్న తల్లిదండ్రులవి, కొన్ని ఇప్పటికే అక్కడ వణుకుతున్న పిల్లలవి. ఊరిని బట్టి జవాబు మారుతుంది కాబట్టి దేనికది విడిగా ఇస్తున్నాం. షికాగోకు చెప్పింది గ్లాస్గోలో పనికిరాదు.

మా అమ్మాయి ఎమ్మెస్సీకి గ్లాస్గో వెళ్తోంది. ఎవర్నడిగినా 'చలి, వాన' అంటున్నారు. రెండు లావు స్వెటర్లు, లెదర్ జాకెట్, రెయిన్‌కోటు, రెండు రగ్గులు, మంకీ క్యాపు, మంచి గొడుగు కొన్నాం. తీసుకెళ్లేది 46 కిలోలే. ఇంకేం కొనాలి? ఏవి తీసెయ్యాలి?
– ఒక తల్లి, ఖమ్మం

ముందు తీసెయ్యాల్సినవి చెప్తాం: రగ్గులు, లెదర్ జాకెట్, గొడుగు. అక్కడే ఆరేడు కిలోలు మిగులుతాయి. ఆ బరువుకు పచ్చళ్లు, పొడులు పెట్టుకోండి.

గ్లాస్గోలో చలి మనం ఊహించుకునేంత ఉండదు. జనవరిలో పగలు 6, 7 డిగ్రీలు, రాత్రి ఒకటి రెండు. మంచు కురిసే రోజులు కొన్నే. అసలు ఇబ్బంది వానతో. ఏడాది మొత్తం లెక్కేస్తే మన విశాఖలో పడే వానకూ గ్లాస్గో వానకూ పెద్ద తేడా లేదు. కాకపోతే విశాఖలో నాలుగైదు నెలల్లో కుండపోతగా కురిసి వెళ్లిపోయేది, అక్కడ ఏడాదిలో సుమారు 170 రోజులకు పంచుకుని పడుతుంది. అట్లాంటిక్ సముద్రం మీద పుట్టిన అల్పపీడనాలు పడమటి గాలులతో ఒకదాని వెనక ఒకటి వస్తుంటాయి. ఒక్కోటి కొన్ని గంటల్లో దాటిపోతుంది. అందుకే ఎనిమిదింటికి ఎండ, తొమ్మిదిన్నరకు జల్లు, పదకొండుకు గాలి, మళ్లీ ఎండ. ఆ జల్లు పైనుంచి కాదు, పక్కనుంచి కొడుతుంది. గొడుగు వెనక్కి తిరగబడి కమ్మీలు విరుగుతాయి.

కాబట్టి ఒక్క లావు కోటు కన్నా మూడు పల్చటి పొరలు మేలు. గదిలోంచి బస్‌స్టాపుకు పది నిమిషాలు నడక, బస్సులో హీటర్, క్లాసులో 21 డిగ్రీలు. లావు స్వెటరు మీద కోటు వేసుకున్న పిల్ల బస్సులో చెమట పట్టి, దిగగానే ఆ చెమటే చల్లబడి వణుకుతుంది. జలుబు అక్కడ మొదలైందని అనుకుంటారు గానీ జలుబు వైరస్ వల్ల వస్తుంది. చెమట వల్ల వచ్చేది వణుకే. అయినా ఆ వణుకుతో రెండు గంటలు క్లాసులో కూర్చోవడం నరకం.

ఒంటికి అంటుకుని ఉండే పొర: థర్మల్స్ రెండు జతలు, పాలిస్టర్‌వి గానీ మెరీనో ఉన్నివి గానీ. నూలు బనియను వద్దు. అది చెమటను పీల్చుకుని తడిగా ఉండిపోతుంది. నడిమి పొర: మెత్తటి నూగు బట్టతో చేసిన పల్చటి ఫ్లీస్‌లు రెండు. వీటి బదులు మీరు కొన్న స్వెటర్లలో కాస్త పల్చనిది ఒకటి ఉంచుకోవచ్చు. చలికాలంలో మన ఊళ్లలో టిబెటన్లు అమ్మే స్వెటర్లు కూడా ఈ పొరకు బాగానే సరిపోతాయి. పై పొర: వాన జాకెట్. డబ్బు ఖర్చు పెట్టాల్సింది దీని మీదే.

జాకెట్ లేబుల్ చదవండి. 'వాటర్ రెసిస్టెంట్' అంటే చిరుజల్లుకు ఐదు నిమిషాలు ఆగుతుందని. 'వాటర్‌ప్రూఫ్, 10,000 మిల్లీమీటర్లు' అని (అంత ఎత్తు నీటి ఒత్తిడిని బట్ట ఆపగలదని) ఉంటే గ్లాస్గోకు పనికొస్తుంది. తర్వాత జాకెట్‌ను లోపలివైపు తిప్పి కుట్ల మీద సన్నటి టేపు అతికించి ఉందో లేదో చూడండి. టేపు లేకపోతే బట్ట ఎంత మంచిదైనా సూది రంధ్రాల్లోంచి నీళ్లు దిగుతాయి. టోపీ జాకెట్‌కే ఉండాలి. దాని అంచు గట్టిగా ఉండి, రెండు పక్కలా బిగించే తాళ్లు ఉండాలి. లేకపోతే గాలికి వెనక్కి పడిపోతుంది. పొడవు నడుము కిందికి రావాలి. లోపల ఫ్లీస్ వేసుకునే కొలత చూడండి.

ఇంట్లోనే పరీక్ష పెట్టొచ్చు. అమ్మాయికి జాకెట్ వేసి, భుజాన పుస్తకాల బ్యాగు తగిలించి, షవర్ కింద ఐదు నిమిషాలు నిలబెట్టండి. నీళ్లు ముందు దిగేది బ్యాగు పట్టీ నొక్కే చోటే. అక్కడ లోపలి బట్ట పొడిగా ఉంటే జాకెట్ మంచిదే. ఇంకో మాట, ఈ జాకెట్‌ను బట్టలు మెత్తబరిచే ద్రావణంతో ఉతికితే నీళ్లు జారే గుణం పోతుంది.

ల్యాప్‌టాప్ బ్యాగుకు పై కవరు కొనక్కర్లేదు, గాలి దాన్ని ఎగరేస్తుంది. మందపాటి చెత్త సంచీని బ్యాగు లోపల పరిచి అందులో ల్యాప్‌టాప్ పెడితే చాలు.

బూట్లు అక్కడే కొనాలి: చీలమండ దాకా వచ్చే వాటర్‌ప్రూఫ్‌వి, లావు సాక్సుతో వేసుకుంటాం కాబట్టి అర సైజు పెద్దవి. ఉన్ని కలిసిన సాక్సులు ఐదు జతలు. జీన్స్ రెండు చాలు, తడిస్తే ఒక పట్టాన ఆరవు. దుప్పటి కూడా అక్కడే. వాళ్లు బొంతల వెచ్చదనాన్ని 'టాగ్' అనే లెక్కలో అమ్ముతారు. 4.5 వేసవికి, 10.5 ఏడాదంతటికీ, 13.5 హీటింగ్ సరిగా లేని గదికి. మొదటిసారి 10.5 కొనుక్కోమనండి.

జాకెట్, ఒక ఫ్లీస్ చేతి బ్యాగులోనే ఉండాలి. చెక్-ఇన్ పెట్టె రెండు రోజులు ఆలస్యమైతే మొదటి వానకే ఆ పిల్ల దొరికిపోతుంది.

చివరగా, ఫోన్‌లో బ్రిటన్ వాతావరణ శాఖ మెట్ ఆఫీస్ యాప్ ఉండాలి. పసుపు హెచ్చరిక వస్తే జాగ్రత్తగా వెళ్లమని, అంబర్ (నారింజ) వస్తే ప్రయాణం మానుకోగలిగితే మానుకోమని, ఎరుపు వస్తే బయటికి వెళ్లొద్దని అర్థం చేసుకోవాలి. 2025 జనవరి 24న ఎయోవిన్ తుపాను వచ్చినప్పుడు గ్లాస్గోకు ఎరుపు హెచ్చరికే ఇచ్చారు. స్కాట్లాండ్‌లో రైళ్లు ఆపేశారు. అలాంటి రోజున క్లాసు ఉందో లేదో యూనివర్సిటీ ఈమెయిల్ చూసుకోవాలి గానీ, బయల్దేరి వెళ్లి చూడకూడదు.

లీడ్స్‌లో నలుగురం ఇల్లు తీసుకుని ఉంటున్నాం. నవంబరు నుంచి కిటికీ మూలల్లో, బీరువా వెనక నల్లటి బూజు. మంచం కింద పెట్టిన సూట్‌కేసులో సర్టిఫికెట్ల ఫైలుకూ పట్టింది. వాన ముసురు కాబట్టి కిటికీలు గట్టిగా మూసే ఉంచుతున్నాం. ఇంటి ఓనరు 'మీ వంట వల్లే' అంటున్నాడు. నిజమేనా?
– ఒక విద్యార్థి, లీడ్స్

కొంత నిజం. కిటికీలు మూసి ఉంచడమే అసలు తప్పు. వాన పడుతుంటే కిటికీ తీస్తే తేమ లోపలికి వస్తుందనేది మన ఊరి అనుభవం. అక్కడ లెక్క తిరగబడుతుంది.

చల్లటి గాలి తేమను ఎక్కువ మోయలేదు. బయట 5 డిగ్రీల్లో, ముసురులో, ఒక ఘనపు మీటరు గాలిలో ఉండే నీరు 7 గ్రాములు కూడా ఉండదు. అదే గాలి గదిలోకి వచ్చి 20 డిగ్రీలకు వేడెక్కితే 17 గ్రాముల దాకా మోయగలదు. అంటే బయట నూటికి నూరు శాతం తేమగా ఉన్న గాలి, గదిలో వేడెక్కేసరికి 40 శాతం దగ్గరికి పడిపోతుంది. అది పొడి గాలే. గదిలోని తేమంతా మీ నలుగురి ఊపిరి, స్నానాలు, అన్నం కుక్కరు ఆవిరి, గదిలో ఆరేసే బట్టలు. ఒక మెషీన్ బట్టలు లోపల ఆరేస్తే లీటరున్నర, రెండు లీటర్ల నీరు గాలిలో కలుస్తుంది.

గది 20 డిగ్రీలు, తేమ 60 శాతం అనుకోండి. 12 డిగ్రీలకు దిగిన ఏ గోడ మీదైనా, అద్దం మీదైనా నీళ్లు కడతాయి. బయటి గోడకు ఆనించిన బీరువా వెనక గాలి ఆడదు, హీటరు వేడి తగలదు. ఆ గోడ ముందు చల్లబడుతుంది. బూజు అక్కడే పుడుతుంది. మంచం కింద సూట్‌కేసుదీ అదే కథ.

చెయ్యాల్సింది ఇది. రోజుకు రెండుసార్లు, పొద్దున లేవగానే, రాత్రి వంట అయ్యాక, ఎదురెదురు కిటికీలు పూర్తిగా తెరిచి పది నిమిషాలు ఉంచండి. కిటికీని రోజంతా బెత్తెడు తెరిచి ఉంచడం దండగ: గోడలు చల్లబడతాయి, గ్యాస్ బిల్లు పెరుగుతుంది, గాలి మాత్రం సరిగా మారదు. పది నిమిషాల్లో గాలి మారుతుంది గానీ గోడల వేడి పోదు. కిటికీ పైచట్రంలో చిన్న చీలికల్లాంటి గాలి దారులుంటాయి. చలి వస్తోందని వాటికి టేపు అతికించి ఉంటే పీకెయ్యండి. అన్నానికి మూత, స్టవ్ పైన ఫ్యాను, వంటింటి తలుపు మూసి ఉండటం, ఈ మూడూ ఒకేసారి కావాలి. (పోపు ఘాటుకు స్మోక్ అలారం మోగుతోందని దానికి ప్లాస్టిక్ కవరు తొడుగుతారు కొందరు. అది అగ్రిమెంటు ఉల్లంఘన. అంతకన్నా ముందు, అది మీ ప్రాణం.)

బీరువాను గోడకు ఐదు నుంచి పది సెంటీమీటర్లు ముందుకు జరపండి. గది 18 డిగ్రీలకు తగ్గనివ్వకండి. రేడియేటరు మీదే బట్టలు పరిస్తే గది వేడెక్కదు, తేమ మాత్రం పెరుగుతుంది. గాలిలోంచి రోజుకు 10, 12 లీటర్ల నీరు లాగే డీహ్యుమిడిఫయర్ నలుగురూ కలిసి కొంటే గిట్టుబాటవుతుంది. సుమారు 200 వాట్లు తింటుంది. బట్టల స్టాండు, మిషను ఒకే చిన్న గదిలో పెట్టి తలుపు మూస్తే రాత్రికి రాత్రే ఆరిపోతాయి. తేమ కొలిచే చిన్న మీటరు కూడా ఒకటి తెచ్చుకోండి. 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే నిశ్చింత.

ఉన్న బూజును పొడి బ్రష్‌తో రుద్దకండి, దాని బీజాలు గదంతా లేస్తాయి. మాస్కు, గ్లౌజులు వేసుకుని, కిటికీ తీసి, బూజు తీసే స్ప్రే కొట్టి, సీసా మీద రాసినంత సేపు ఆగి తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ పారెయ్యండి. అది బ్లీచ్ రకం అయితే టాయిలెట్ యాసిడ్‌తో కలవకూడదు, విషవాయువు పుడుతుంది. సర్టిఫికెట్లను ఫైలు లోంచి తీసి, నీడలో గాలికి ఆరబెట్టి, మెత్తని పొడి బ్రష్‌తో బయట దులిపి, కొత్త ప్లాస్టిక్ కవర్లలో పెట్టి బయటి గోడకు దూరంగా, ఎత్తున ఉంచండి.

ఇక ఓనరు మాట. మూలల్లో, కిటికీల చుట్టూ బూజు ఉంటే గదిలో తేమ వల్ల. పైకప్పులో గోధుమరంగు గుండ్రటి మరక ఉంటే పైపో కప్పో కారుతోంది. గోడ అడుగు నుంచి మీటరు ఎత్తు వరకు చెమ్మ, దాని పైన ఉప్పు గీత ఉంటే నేలలోంచి ఎక్కుతున్న తడి. చివరి రెండూ కచ్చితంగా ఓనరు బాధ్యతే. హీటింగ్ పనిచెయ్యకపోయినా, స్నానాల గదిలో ఫ్యాను చెడినా అంతే. వాట్సాప్‌లో మాటామాటా అనుకోకుండా, తేదీ వేసిన ఫొటోలు, వారం రోజుల మీటరు అంకెలు జతచేసి ఈమెయిల్ రాయండి. జవాబు రాకపోతే సిటీ కౌన్సిల్‌లో ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ విభాగానికి అదే ఈమెయిల్ పంపండి.

నిన్న రాత్రి మైనస్ 6. పొద్దున బాయిలర్ ఆగిపోయింది, లోపల గుడగుడ శబ్దం. ఓనరు ఫోన్ ఎత్తడం లేదు.
– బర్మింగ్‌హామ్ నుంచి

గుడగుడమంటోందంటే ఎక్కువసార్లు కారణం ఒకటే. బాయిలర్ (ఇంటికీ కుళాయిలకూ వేడినీళ్లు పంపే యంత్రం) నుంచి బయట డ్రెయిన్‌లోకి వెళ్లే సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో నీరు గడ్డకట్టి, వెనక్కి తన్నుతోంది. బయటికి వెళ్లి ఆ గొట్టం వంపు దగ్గర, చివర దగ్గర వేడినీళ్ల సీసాను గుడ్డలో చుట్టి ఆనించండి. లేదా గోరువెచ్చటి నీళ్లు నెమ్మదిగా పొయ్యండి. మరిగే నీళ్లు వద్దు, గొట్టం పగులుతుంది. కరిగాక రీసెట్ బటన్ నొక్కండి. గొట్టం ఎత్తున ఉంటే నిచ్చెనలెక్కకండి. గడ్డ లేకపోతే బాయిలర్ ముందున్న నీటి ఒత్తిడి మీటరు చూడండి. చల్లగా ఉన్నప్పుడు ముల్లు 1, 1.5 మధ్య ఉండాలి. బాయిలర్ మూత మాత్రం తెరవకండి. గ్యాస్ వాసన వస్తే ఇవేవీ చెయ్యకుండా బయటికి వచ్చి 0800 111 999 కు ఫోన్ చెయ్యండి.

'వాన అవకాశం 40 శాతం' అంటే రోజులో 40 శాతం సేపు కురుస్తుందనా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

కాదు. మీరు ఉన్న చోట, ఆ గంటలోనో ఆ పూటలోనో, కొలవగలిగినంత వాన పడే అవకాశం పదింట నాలుగు. ఎంత పడుతుందో, ఎంతసేపో ఆ అంకె చెప్పదు. 90 శాతం రాసి ఉండి నాలుగు చినుకులే రావచ్చు. రోజు మొత్తానికి ఇచ్చే బొమ్మను చూడొద్దు. గంట గంటకు ఇచ్చే పట్టిక, బయల్దేరే ముందు రాడార్ చిత్రం, ఒంటికి ఎంత చలిగా, వేడిగా అనిపిస్తుందో చెప్పే 'ఫీల్స్ లైక్' అంకె, ఈ మూడూ చాలు. వారం తర్వాతి వానను నమ్మి టికెట్లు రద్దు చేసుకోనక్కర్లేదు.

షికాగోలో మొదటి చలికాలం. ముక్కులోంచి రక్తం, పెదాలు పగుళ్లు, తలుపు గొళ్లెం ముట్టుకుంటే షాక్. బయట ఫోన్ 40 శాతం చార్జ్ ఉండగానే ఆగిపోతోంది. రెండు జతల సాక్సులు వేసినా వేళ్లు తిమ్మిరి.
– ఒక ఎంఎస్ విద్యార్థి

ముందు రాసిన లీడ్స్ లెక్కనే ఇంకా చలికి తీసుకెళ్లండి. మైనస్ 10 డిగ్రీల గాలి ఘనపు మీటరుకు రెండు గ్రాముల నీరే మోస్తుంది. దాన్ని 22 డిగ్రీలకు వేడిచేస్తే తేమ పది పన్నెండు శాతం. ఎడారి గాలి అన్నమాట. లీడ్స్‌లో నీళ్లు లాగే మిషను కావాలి, మీకు నీళ్లు వదిలే హ్యుమిడిఫయర్ కావాలి. 30, 40 శాతం దగ్గర ఆపండి. అంతకు మించితే కిటికీ అద్దాల మీద నీరు కట్టి మీకూ బూజు మొదలవుతుంది. ముక్కులో పడుకునే ముందు ఉప్పునీటి స్ప్రే. స్నానం ఐదారు నిమిషాలు, గోరువెచ్చటి నీళ్లతో. తుడుచుకున్న వెంటనే, ఒళ్లు ఇంకా చెమ్మగా ఉండగానే క్రీమో వాజలైనో రాయాలి. ఇంటి నుంచి తెచ్చుకున్న కొబ్బరి నూనె 24 డిగ్రీల లోపు గడ్డే, సీసా మూతి సన్నగా ఉంటే బయటికి రాదు. వెడల్పు డబ్బాలో పోసుకోండి.

రెండు జతల సాక్సులే మీ వేళ్లకు శత్రువు. బూటు బిగుతైతే రక్తం ఆడదు, వేడి పట్టి ఉంచే గాలి పొర నలిగిపోతుంది. ఒక్క లావు ఉన్ని సాక్సు, వేళ్లు కదిలేంత వదులు బూటు. చేతులకు వేళ్లు విడివిడిగా ఉన్న గ్లౌజుల కన్నా అన్ని వేళ్లూ ఒకే అరలో ఉండే మిటెన్స్ వెచ్చన. అక్కడి చలి పొడిది కాబట్టి ఈకల జాకెట్, అంటే డౌన్, బాగా పనిచేస్తుంది. గ్లాస్గోలో అదే జాకెట్ తడిసి ముద్దవుతుంది. మోకాళ్ల దాకా వచ్చేది తీసుకోండి, బస్‌స్టాపులో చలి తొడలనే పడుతుంది. జనవరి, ఫిబ్రవరి సేల్‌లో ధర దిగుతుంది గానీ అప్పటిదాకా ఆగడం కుదరదు. అక్టోబరులో సెకండ్‌హ్యాండ్ దుకాణాలు చూడండి.

డిగ్రీల కన్నా గాలి ముఖ్యం. మైనస్ 18 డిగ్రీల్లో గంటకు 24 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 28 లాగా ఉంటుంది. బయట ఉన్న చర్మం అరగంటలో గడ్డకట్టొచ్చు. 2019 జనవరి 30న ఆ ఊరు మైనస్ 31 చూసింది. ముక్కు కొన, చెవులు, వేళ్లు తెల్లగా మైనంలా మారి స్పర్శ పోతే రుద్దకండి, హీటరుకు పెట్టకండి. చర్మానికి వేడి తెలియదు, కాలిపోతుంది. ఒంటికి హాయిగా ఉండే గోరువెచ్చటి నీళ్లలో ముంచి ఉంచాలి. ఆ వేడిని మోచేత్తో చూసుకోండి. పావుగంట, అరగంటలో రంగూ స్పర్శా రాకపోతే ఎమర్జెన్సీకి.

ఫోన్ పాడవలేదు. చలికి బ్యాటరీ లోపల రసాయన చర్య మందగించి వోల్టేజి పడిపోతుంది. లోపలి జేబులో, ఒంటికి దగ్గరగా పెట్టుకోండి. గడ్డకట్టేంత చల్లగా ఉన్న ఫోన్‌ను వెంటనే చార్జింగ్ పెట్టకండి, గది వేడికి వచ్చాక పెట్టండి.

ఏప్రిల్‌లో ఒక రోజు 24 డిగ్రీలు వచ్చిందని కోటు పెట్టెలో పెట్టెయ్యకండి. మర్నాడు మంచు పడొచ్చు. పైగా గాలి మిషిగన్ సరస్సు మీదుగా తిరిగితే ఒడ్డున ఉన్న క్యాంపస్‌లో, లోపలి పేటల కన్నా ఎనిమిది పది డిగ్రీలు తక్కువ ఉంటుంది.

మా అబ్బాయి డెంటన్‌లో చదువుతున్నాడు. టెక్సాస్ అంటే ఎండే అనుకున్నాం. ఇప్పుడు ఐస్ అంటాడు, టోర్నడో సైరన్ అంటాడు. ఏం జాగ్రత్తలు చెప్పాలి?
– ఒక తండ్రి, కరీంనగర్

డెంటన్, రిచర్డ్‌సన్, ఆర్లింగ్టన్, డాలస్ చుట్టుపక్కల మన పిల్లలు గుంపులుగా ఉండే ఊళ్లన్నీ ఒకే మైదానంలో ఉన్నాయి. కెనడా నుంచి టెక్సాస్ దాకా అడ్డంగా ఒక్క పర్వతశ్రేణి లేదు. ఉత్తరాన పోగుపడిన చలిగాలి జారితే గంటల్లో దిగుతుంది. 1911 నవంబరు 11న పక్క రాష్ట్రంలోని ఓక్లహోమా సిటీలో పగలు 28 డిగ్రీలు, అదే రోజు అర్ధరాత్రికల్లా మైనస్ 8. ఆ తేదీకి గరిష్ఠ, కనిష్ఠ రికార్డులు రెండూ ఆ ఒక్క రోజువే. 2021 ఫిబ్రవరిలో డాలస్ మైనస్ 19కి పడిపోయి, కరెంటు గ్రిడ్ కుదేలై, లక్షల ఇళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి.

ఆ రోజుల్లో చలితో పాటు జనాన్ని చంపింది కార్బన్ మోనాక్సైడ్. బొగ్గుల గ్రిల్ ఇంట్లో వెలిగించడం, మూసిన గ్యారేజీలో కారు ఆన్ చేసి కూర్చోవడం. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు, నిద్రలోనే తీసుకుపోతుంది. మన ఇళ్లలో కుంపటి అలవాటు ఉంది కాబట్టి ఈ ఒక్క మాట మీ నోటితో చెప్పండి.

ఫ్రీజ్ హెచ్చరిక రాగానే బయటి గోడ వైపున్న కుళాయిలు సన్నటి ధారగా వదలాలి, వేడినీళ్లదీ చల్లనీళ్లదీ. సింకు కింద అల్మారా తలుపులు తెరిచి ఉంచాలి, గది వేడి పైపులకు తగులుతుంది. ఊరెళ్తున్నా హీటింగ్ ఆపకూడదు. పైపు పగిలితే కింది ఇంటికీ నష్టమే. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల చొప్పున మూడు రోజుల నీళ్లు. చాలా అపార్ట్‌మెంట్లలో ఎలక్ట్రిక్ స్టవ్‌లే, కరెంటు పోతే వంట లేదు. అటుకులు, వేయించిన పల్లీలు, కందిపొడి, ఆవకాయ ఉన్న గది మూడు రోజులు నిశ్చింతగా ఉంటుంది. నానబెట్టిన అటుకులకు స్టవ్వుతో పనిలేదు. పవర్‌బ్యాంకు, టార్చి సరేసరి.

రోడ్డు మీద ఐస్ ఉంటే బండి తియ్యొద్దు. ముందు గడ్డకట్టేవి ఫ్లైఓవర్లు, కింద నుంచి కూడా చలిగాలి తగులుతుంది కాబట్టి. ఇంకో సంగతి: సెకండ్‌హ్యాండ్ కారుకు మన పిల్లలు చౌకగా వస్తుందని ఎదుటివాళ్ల నష్టానికే వర్తించే లయబిలిటీ ఇన్సూరెన్స్ ఒక్కటే తీసుకుంటారు. టెక్సాస్ వడగళ్లకు అద్దాలు పగిలితే అందులో పైసా రాదు, 'కాంప్రిహెన్సివ్' ఉండాలి. కారు వెల మరీ తక్కువైతే అది తీసుకోవడమూ దండగే, లెక్క వేసుకోవాలి.

టోర్నడోకు రెండు మాటలు గుర్తుండాలి. 'వాచ్' అంటే పరిస్థితులు అనుకూలంగా ఉన్నాయి, ఫోన్ చేతిలో ఉంచుకో అని. 'వార్నింగ్' అంటే రాడార్‌లోనో కళ్లతోనో కనబడింది, ఇప్పుడే దాక్కో అని. దాక్కోవడం అంటే అన్నిటికన్నా కింది అంతస్తు, కిటికీ లేని లోపలి గది: బాత్‌రూమో, బట్టల గదో, మెట్ల కింద చోటో. కాళ్లకు బూట్లు, తల మీద హెల్మెట్ లేదా పరుపు. పై అంతస్తుల్లో ఉండేవాళ్లు కింది అంతస్తు స్నేహితుడితో ముందే మాట్లాడుకోవాలి. వీడియో తియ్యడానికి బాల్కనీలోకి వెళ్లడం మన పిల్లల బలహీనత.

సైరన్లు బయట ఉన్నవాళ్ల కోసం. ఏసీ వేసుకుని పడుకున్నవాడికి వినబడవు. అర్ధరాత్రి అలర్ట్‌లతో నిద్ర పాడైందని ఫోన్‌లో ఎమర్జెన్సీ అలర్ట్స్ మొత్తం ఆపేసిన పిల్లలు చాలామంది. వెంటనే ఆన్ చేయించండి. డాలస్‌లో నెల మొదటి బుధవారం మధ్యాహ్నం 12కు సైరన్ మోగితే అది పరీక్ష. సీజను ముఖ్యంగా ఏప్రిల్, మే అయినా, 2019 అక్టోబరు 20 ఆదివారం రాత్రి తొమ్మిదింటికి ఉత్తర డాలస్‌ను చీల్చుకుంటూ వెళ్లిన టోర్నడో క్యాలెండర్ చూసి రాలేదు.

డిసెంబరులో మధ్యాహ్నం మూడుముప్పావుకే చీకటి. లేవబుద్ధి కాదు. అమ్మ వారానికొకటి వేసుకోమని 60,000 యూనిట్ల విటమిన్-డి పంపింది. వేసుకోవచ్చా?
– గ్లాస్గో నుంచి ఒక పరిశోధక విద్యార్థిని

రక్తపరీక్ష లేకుండా వద్దండీ. బ్రిటన్ ఆరోగ్యశాఖ శరదృతువు, చలికాలాల్లో అందరికీ చెప్పేది రోజుకు 10 మైక్రోగ్రాములు, అంటే 400 యూనిట్లు. మన చామన, నలుపు చర్మాలకు ఏడాదంతా తీసుకోమంటుంది. గరిష్ఠ పరిమితి రోజుకు 4,000 యూనిట్లు. అమ్మ పంపిన గుళికను ఏడు రోజులకు పంచితే రోజుకు 8,500 దాటుతుంది. అది లోపం తేలినవాళ్లకు డాక్టరు కొన్ని వారాలకు రాసే మందు.

డిసెంబరు 21న మీకు సూర్యుడు 8:46కు వచ్చి 3:44కు వెళ్లిపోతాడు. ఆ ఏడు గంటల్లో పదకొండు, ఒంటిగంట మధ్య అరగంట బయట నడవండి, మబ్బున్నా సరే. మబ్బు పట్టిన పగటి వెలుతురు కూడా ట్యూబ్‌లైట్ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. చాలకపోతే 10,000 లక్స్ దీపం ముందు పొద్దున లేచిన గంటలోపు ఇరవై, ముప్పై నిమిషాలు. సాయంత్రం పెడితే నిద్ర చెడుతుంది. దిగులు రెండు వారాలు దాటి, తిండి, చదువు దెబ్బతింటుంటే దీపాలతో కాలక్షేపం చెయ్యకుండా మీ పేరు నమోదైన క్లినిక్ డాక్టరుకు, అంటే జీపీకి చెప్పండి. అన్నట్టు, అక్టోబరు చివరి ఆదివారం గడియారం గంట వెనక్కి జరుగుతుంది. ఇంటికీ మీకూ తేడా నాలుగున్నర నుంచి ఐదున్నర గంటలవుతుంది. అమ్మకు ముందే చెప్పండి, లేకపోతే మీ ఫోన్ కోసం నిద్ర కాస్తుంది.

మెల్‌బోర్న్‌లో రెండో ఏడు. పొద్దున 35, సాయంత్రం 19. దానికి అలవాటు పడ్డాను. కానీ ఈ అక్టోబరులో తుమ్ములు, కళ్లు దురద కొత్తగా మొదలయ్యాయి. గాలివాన వస్తే బయటికి వెళ్లొద్దని తోటివాళ్లు భయపెడుతున్నారు. చిన్నప్పటి నుంచీ ఆస్తమా లేదు నాకు.
– నెల్లూరు జిల్లా విద్యార్థి

భయపెట్టడం కాదు, వాళ్లు చెప్పింది నిజం. ఉత్తరాన ఎడారి వైపు నుంచి వేడిగాలి వీస్తుంటే 35. దక్షిణ సముద్రం మీది చల్లగాలి ఒక్కసారిగా తోసుకొస్తే గంటలోపే 10, 15 డిగ్రీలు పడిపోతుంది. ఈ మార్పును వాళ్లు 'కూల్ చేంజ్' అంటారు. ఎన్నింటికి వస్తుందో వాతావరణ శాఖ ముందే చెప్తుంది. బ్యాగులో ఒక పల్చటి గాలి జాకెట్ ఉంటే ఆ సంగతి అక్కడితో సరి.

తుమ్ములు వేరే కథ. నగరం చుట్టూ పొలాల్లో రైగ్రాస్ అనే గడ్డి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పుప్పొడి వదులుతుంది. మామూలుగా ఆ రేణువు పెద్దది, ముక్కులో ఆగిపోతుంది. గాలివాన ముందు అది మబ్బులోకి లేచి, తేమ తాగి, పగిలి, సన్నటి తునకలవుతుంది. ముందుగాలి ఆ తునకలను కిందికి విసిరితే నేరుగా ఊపిరితిత్తుల లోతుకు వెళ్తాయి. 2016 నవంబరు 21 సాయంత్రం మెల్‌బోర్న్‌లో ఇలాగే జరిగి వేలమంది ఆస్పత్రులకు పరుగెత్తారు, పదిమంది చనిపోయారు. తీవ్రంగా దెబ్బతిన్నవాళ్లలో భారత, ఆసియా మూలాలున్నవాళ్లు ఎక్కువ పాలు అని తర్వాత తేలింది. అంతకుముందు ఆస్తమా లేనివాళ్లూ ఉన్నారు.

మొదటి ఏడు మీకు ఏమీ కాకపోవడంలో వింత లేదు. ఆ పుప్పొడి మన ఒంటికి కొత్త. దానికి ఎలర్జీ తయారు కావడానికి ఒకటి రెండు సీజన్లు పడుతుంది. ఇప్పుడు తయారైంది. కాబట్టి ఈ వారమే జీపీ దగ్గరికి వెళ్లండి. ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే సీజను పొడుగునా రోజూ వాడాలి, తుమ్ములు వచ్చిన రోజు మాత్రమే కాదు. రాత్రిళ్లు దగ్గు, పిల్లికూత ఉంటే తప్పకుండా చెప్పండి. నీలిరంగు సాల్బ్యుటమాల్ పఫర్ (ఇన్‌హేలర్) అక్కడ ఫార్మసిస్టును అడిగితే చీటీ లేకుండానే ఇస్తారు. దాని మూతికి తగిలించే ప్లాస్టిక్ గొట్టం, అంటే స్పేసర్‌తో కలిపి కొని బ్యాగులో ఉంచండి. రూములో ఉన్న పఫర్ ట్రామ్ స్టాపులో పనికిరాదు.

విక్‌ఎమర్జెన్సీ యాప్‌లో ఈ సీజను హెచ్చరికలు వస్తాయి. ముప్పు ఎక్కువ అన్న రోజున గాలివాన రాకముందే లోపలికి వెళ్లి, కిటికీలు మూసి, బయటిగాలి లాగే ఏసీ అయితే ఆపెయ్యండి. ప్రమాదం వానలో కన్నా వాన ముందు వచ్చే ఆ చల్లటి ఈదురుగాలిలో ఎక్కువ. హాయిగా ఉంది కదా అని బాల్కనీలో నిలబడేది సరిగ్గా అప్పుడే.

ఊపిరి బిగిస్తే నిటారుగా కూర్చోండి. స్పేసర్‌లోకి ఒక పఫ్, నాలుగు శ్వాసలు. అలా నాలుగు పఫ్‌లు. నాలుగు నిమిషాలు ఆగండి. తగ్గకపోతే మళ్లీ నాలుగు. అప్పటికీ తగ్గకపోయినా, మాట పూర్తిగా రాకపోయినా అక్కడి ఎమర్జెన్సీ నంబరు 000 కు ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేదాకా నాలుగు నిమిషాలకు నాలుగు చొప్పున కొడుతూనే ఉండండి. ఈ వరుస మీ రూమ్మేట్లకు కూడా నేర్పండి, ఆ సమయంలో పఫర్ పట్టుకునేది వాళ్లు కావచ్చు.